చెవికి ఆలస్యంగా చేరిన పాట

2023లో, వానలు వెనకపట్టిన రోజుల్లో జరిగిన సంగతి ఇది. తాండూరులో బస్టాండు నుంచి రైల్వే స్టేషన్ వైపు పోయే దారిలో నాకొక చిన్న కంప్యూటర్ రిపేరు షాపు ఉంది. పెళ్ళికి ముందు వికారాబాద్‌లో ఒకరి దగ్గర పని నేర్చుకున్నాను. పెళ్ళయి తాండూరు వచ్చాక సొంతంగా పెట్టుకున్నాను. మా ఊళ్ళో కంప్యూటర్ విప్పితే ముందు బయటపడేది రాతి పొడి. బండలు కోసి పాలిష్ చేసే యూనిట్లు, బండల లారీలు తూచే కాంటాలు, వాటి ఆఫీసుల్లో నడిచే కంప్యూటర్లే నా దగ్గరికి ఎక్కువగా వస్తాయి. బ్లోయర్‌తో ఆ పొడి ఊదేస్తే చాలు, సగం రోగాలు తగ్గిపోతాయి.

మిగతా సగంలో సౌండు ఫిర్యాదులు చాలా ఉంటాయి. అందులో తరచుగా వినేది ఒకటుంది: హెడ్‌ఫోన్‌లోనూ స్పీకర్లలోనూ ఒకేసారి పాట రావాలి, ఎట్లా అని. ల్యాప్‌టాప్ పక్కన ఉండే చిన్న గుండ్రటి రంధ్రాన్ని ఆడియో జాక్ అంటాం. అందులో హెడ్‌ఫోన్ పిన్ను గుచ్చగానే ల్యాప్‌టాప్ లోపలి స్పీకర్లు ఆగిపోతాయి, దాని తయారీయే అలాంటిది. బయటి స్పీకర్ల పిన్ను గుచ్చితే ఇక హెడ్‌ఫోన్‌కు చోటుండదు. ఒక జాక్‌ను రెండుగా చీల్చే చిన్న వైరు దొరుకుతుంది, దాన్ని స్ప్లిటర్ అంటారు. అది చేతిలో పెట్టి పంపిస్తే పని అయిపోతుంది. ఇందులో చెప్పుకోవడానికి ఏముంటుందని నేనూ చాలాకాలం అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం సునీత అనే అమ్మాయి షాపుకు వచ్చింది. బషీరాబాద్ దగ్గరి పల్లె వాళ్ళది. అక్కడే ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతుంది. భుజాన ల్యాప్‌టాప్ సంచి, చేతిలో గుడ్డసంచి నిండా స్పీకర్లు, మెడలో పెద్ద హెడ్‌ఫోన్. షేర్ ఆటోలో వచ్చినట్టుంది, జుట్టంతా దుమ్ము. సామాను మొత్తం నా బల్ల మీద పేర్చి నిలబడింది.

"సౌండ్ వస్తలేదా?" అని అడిగాను.

"వస్తుంది మేడం. రెండిట్లకెల్లి వస్తుంది."

"హెడ్‌ఫోన్లకెల్లి, స్పీకర్లకెల్లి ఒక్కపారే?"

"ఆ. వీడియో చూసి నేనే సెట్ చేసిన. స్పీకర్లకు వైరు, హెడ్‌ఫోన్‌కు బ్లూటూత్. స్పీకర్ల పాట అందరి కోసం. హెడ్‌ఫోన్ మా నాయన కోసం."

"మరి ఇంకేం ఇబ్బంది?"

ఆమె వెనక్కి తిరిగి చూసింది. షాపులో వేరెవరూ లేరు. అయినా గొంతు తగ్గించింది.

"మా నాయన డోలక్ కొడ్తడు మేడం. దెబ్బ పాట మీద పడ్తలేదు. అందరూ వయసు అంటున్నరు. తప్పు మిషన్‌దా, మా నాయనదా, గదొక్కటి చెప్పుండ్రి. మిషన్‌దైతే బాగుచెయ్యుండ్రి. మా నాయనదైతే నాకు చెప్పుండ్రి, ఇంకెవరికీ చెప్పకుండ్రి."

ఇన్నేళ్ళ పనిలో నన్నెవరూ అలాంటి ప్రశ్న అడగలేదు. కుర్చీ వేసి కూర్చోబెట్టాను. తండ్రి గురించి ఆమె చెప్పుకొచ్చింది.

ఆయన పేరు సామేలు. వయసులో ఉన్నప్పటి నుంచి తాండూరు పాలిష్ యూనిట్లలో పనిచేశాడు. నీళ్ళు పోస్తూ రాయి మీద చక్రం తిప్పుతుంటే వచ్చే మోత మన గొంతు మనకే వినబడనంత పెద్దగా ఉంటుంది. ఆ మోతలోనే ఆయన చెవులు మెల్లమెల్లగా పోయాయి. హైదరాబాద్‌లో చూపిస్తే, సన్నని శబ్దాలు పూర్తిగా పోయాయని, లావు శబ్దాలు కాస్త మిగిలాయని డాక్టరు చెప్పాడట. చెవి మిషన్ ఇప్పించారు. అది పెట్టుకుని డోలక్ కొడితే ప్రతి దెబ్బా నెత్తి మీద సుత్తితో కొట్టినట్టుందని తీసి జేబులో వేసుకున్నాడట.

డోలక్ మాత్రం వదల్లేదు. ఊళ్ళో వాళ్ళ చిన్న చర్చిలో ఆదివారం పాటలకు ఎప్పటి నుంచో ఆయనే వాయిస్తాడు. చెవులు మందగించాక కూడా చాలాకాలం ఎవరికీ తేడా తెలియలేదు. హార్మోనియం పక్కన కూర్చుని, మోకాలు దాని పెట్టెకు ఆనించి వాయించేవాడట. పాట ఆ చెక్కలో నుంచి ఆయన ఒంట్లోకి వచ్చేది. తర్వాత హార్మోనియం వాయించే మనిషి ఉద్యోగం దొరికి ఊరు విడిచి వెళ్ళిపోయాడు. వెళ్ళినా సంఘాన్ని మరిచిపోకుండా కీబోర్డు మీద పాటల సంగీతం వాయించి, రికార్డు చేసి పంపిస్తున్నాడు. దాన్ని ట్రాక్ అంటారు. ల్యాప్‌టాప్‌లో ట్రాక్ పెట్టి, స్పీకర్లలో వింటూ అందరూ పాడతారు. సామేలు మోకాలు ఆనించడానికి ఇక పెట్టె లేదు. స్పీకర్ల పాట ఆయన దాకా చేరదు.

"గందుకే హెడ్‌ఫోన్ తెచ్చిన" అంది సునీత. "మొదటి రోజు పెట్టుకోంగనే చిన్నపిల్లగాని తీరు నవ్విండు. పాట వినవడ్తుందే అన్నడు. నేను మస్తు ఖుషీ అయిన. కొట్టుడు మొదలువెట్టినంక చూస్తే దెబ్బ వెనకవడ్తుంది. అందరూ ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు."

వికారాబాద్‌లో చుట్టుపక్కల ఊళ్ళ సంఘాలన్నీ కలిసి పాడే కూడిక దగ్గర పడుతోంది. పాటల బృందాన్ని చూసుకునే ప్రవీణ్ అనే కుర్రాడు, ఈసారి డోలక్ బదులు కీబోర్డులో దానంతటదే మోగే తాళం, అంటే రిథమ్, పెట్టుకుందామని అన్నాడట. మర్యాదగానే అన్నాడు, అందరూ ఒప్పుకున్నారు. సంగతి తెలిసి సామేలు డోలక్‌కు గుడ్డ చుట్టి అటక మీద పెట్టాడు. బతిమాలితే మళ్ళీ దించాడు కానీ, రాను రాను మాట్లాడటం తగ్గించేశాడు.

నేను ల్యాప్‌టాప్ తెరిచి ఆమె చేసిన అమరిక అలాగే నడిపించాను. వాళ్ళ ట్రాక్ పెట్టాను. హెడ్‌ఫోన్‌కు రెండు పక్కలా ఉండే గిన్నెల్లో ఒకటి నా కుడి చెవికి ఆనించి, ఎడమ చెవిని స్పీకరుకు దగ్గరగా పెట్టాను. పాటలో మొదట ఒక తాళం చప్పుడుంది. అది నాకు రెండుసార్లు వినబడింది. స్పీకరులో ఒకసారి, వెంటనే హెడ్‌ఫోన్‌లో ఇంకోసారి.

"నువ్వు విను" అని ఆమెకిచ్చాను.

ఆమె అలాగే విన్నది. తల ఎత్తి నన్ను చూసింది. మళ్ళీ విన్నది.

"రెండు దెబ్బలు వినవడ్తున్నయ్ మేడం."

"ఉన్నది ఒక్క దెబ్బే. ఒకటి వైరుల వస్తుంది, ఒకటి గాలిల వస్తుంది."

వివరంగా చెప్పాను. బ్లూటూత్‌లో పాట నేరుగా రాదు. కంప్యూటర్ దాన్ని ముక్కలు చేసి, మూట కట్టి, గాలిలో పంపిస్తుంది. హెడ్‌ఫోన్ ఆ మూట విప్పి వినిపిస్తుంది. ఈ కట్టడానికీ విప్పడానికీ కొంచెం సమయం పడుతుంది. మా పనిలో దీన్ని లేటెన్సీ అంటాం, అంటే బయల్దేరిన శబ్దం చెవికి చేరడంలో జరిగే ఆలస్యం. పాట ఊరికే వినేవాళ్ళకు అది తెలియనే తెలియదు. పాటతో కలిసి డోలక్ కొట్టేవాడికి మాత్రం అది చాలా పెద్ద ఎడం.

"అంటే మిషన్‌దే?"

"మిషన్‌దే."

ఆమె రెండు చేతులతో ముఖం కప్పుకుంది. నేను స్క్రూడ్రైవర్లు సర్దుతున్నట్టు అటు తిరిగాను.

కానీ ఆమె లెక్కల టీచరు. కళ్ళు తుడుచుకోగానే నన్ను ఇరుకున పెట్టే మాట ఒకటి అడిగింది. "మిషన్ ఆలస్యం ఎప్పుడూ ఒక్క తీర్గనే ఉంటది గదా మేడం? గట్లయితే మా నాయన దెబ్బ ఎప్పుడూ వెనకనే పడాలె. మొదట్ల గట్లనే పడుతుండె. ఇప్పుడు కొన్ని పాటల్ల సక్కగ పడ్తది. కొన్నిట్ల ముందే పడ్తది. గది చూసే అందరూ వయసు మీదపడ్డది అంటున్నరు."

ఆలస్యం ఒకే తీరుగా ఉంటుందన్న ఆమె మాట నిజం. ఆలస్యంగా విన్న మనిషి దెబ్బ ముందు పడటానికి కారణమే కనబడలేదు. వయసు కూడా కొంత కారణమై ఉంటుందేమోనని లోపల అనిపించింది, కానీ ఆ మాట పైకి అనలేదు. ముందు ఈ ఆలస్యం తీసేద్దాం, తర్వాత చూద్దాం అన్నాను.

పని చిన్నదే. బ్లూటూత్ మానేసి రెండింటినీ ఒకే జాక్ నుంచి వైరుతో నడపాలి. అప్పుడు ఒకే శబ్దం రెండు దారుల్లో ఒకేసారి పోతుంది. అయితే ఒట్టి స్ప్లిటర్ ఆయనకు సరిపోదు. ల్యాప్‌టాప్ జాక్‌కు ఉండే బలం కొంచెమే, మామూలు చెవులకు అది చాలు, సామేలు చెవులకు చాలదు. అందుకని స్ప్లిటర్ ఒక కొమ్మ స్పీకర్లకిచ్చి, రెండో కొమ్మకు హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్ తగిలించాలనుకున్నాను. గుప్పెట్లో పట్టే చిన్న డబ్బా అది. ఆ ఒక్క హెడ్‌ఫోన్‌కే శబ్దం పెంచుతుంది, దాని తిప్పుడు మీట దానికే ఉంటుంది. స్పీకర్లను ముట్టుకోకుండా ఆయనకు కావలసినంత పెంచుకోవచ్చు. హెడ్‌ఫోన్ కూడా వైరుది పెట్టాలనుకున్నాను, డోలక్‌కు అడ్డం రాకుండా వీపు మీదుగా తిప్పేంత పొడుగు వైరుతో.

"నేనే వచ్చి బిగిస్త" అన్నాను. శబ్దం ఎంతలో పెట్టాలన్నది బరువైన సంగతి. వినబడాలని పెంచుకుంటూ పోతే, ఆ మిగిలిన కాస్త వినికిడి కూడా పోతుంది. మనిషిని ఎదురుగా పెట్టుకుని చూడాలి.

ఆదివారం ప్రార్థన అయ్యాక రమ్మన్నారు. బషీరాబాద్ దాకా బస్సులో, అక్కడి నుంచి ఆటోలో వెళ్ళాను. రెండు పక్కలా కంది చేలు పచ్చగా ఉన్నాయి. ఆటోలో సగంమంది కన్నడం మాట్లాడుతున్నారు. చర్చి అంటే రేకుల కప్పు ఉన్న ఒక పొడుగు గది. పాటల బృందం చాపల మీద కూర్చుని నాకోసం చూస్తోంది. గోడ పక్కన డోలక్ ఒళ్ళో పెట్టుకుని సన్నగా, పొడుగ్గా ఉన్న మనిషి కూర్చున్నాడు. తెల్ల చొక్కా, నెరిసిన గడ్డం. ఏళ్ళ తరబడి తడి రాయిని తడిమిన వేళ్ళు నున్నగా అరిగి ఉన్నాయి.

నన్ను చూడగానే గది మారుమోగేలా అడిగాడు. "నువ్వేనా బిడ్డా కంప్యూటర్ డాక్టర్వి?"

నేను నవ్వి ఆయన చెవి దగ్గరికి వంగాను. "అవును కాకా. ఇయ్యాల నీ హెడ్‌ఫోన్ మారుస్తున్న."

"మార్చు, మార్చు. ఏది పెట్టినా కొడ్త."

వైర్లు బిగించాను. ట్రాక్ నడిపిస్తూ మీట మెల్లగా తిప్పాను. ఎక్కడ ఆయన ముఖం విప్పారిందో అక్కడ ఆపి, కొంచెం వెనక్కి తిప్పి, మార్కరుతో గీత పెట్టాను. ఈ గీత దాటవద్దని సునీతకు చెప్పాను. ఒక గిన్నె నా చెవికి ఆనించి, రెండో చెవితో స్పీకర్లు విని చూసుకున్నాను. తాళం ఒక్కటే వినబడింది. నా పని అయిపోయిందనుకున్నాను.

పాట మొదలైంది. వాళ్ళు గొంతెత్తారు. సామేలు కొట్టాడు.

దెబ్బ ముందు పడింది.

ఒకటి కాదు, అన్నీ ముందే పడుతున్నాయి. పాడేవాళ్ళ అడుగు ఒకచోట, డోలక్ ఒకచోట. కొంతసేపు లాక్కొచ్చి, ఒకరి తర్వాత ఒకరు ఆగిపోయారు. స్పీకర్లలో ట్రాక్ ఒక్కటే నడుస్తోంది, దాని కంటే ముందు డోలక్ నడుస్తోంది. చివరకు సామేలు కూడా చూసి చేతులు ఆపాడు.

ప్రవీణ్ లేచి నా దగ్గరికి వచ్చాడు. "అక్కా, తాత అంటే మాకు గౌరవం లేక కాదు. చిన్నప్పటిసంది ఆయన డోలక్ మీదనే పాటలు నేర్చుకున్నం. కాని చూసిన్రు గదా. వికారాబాద్‌ల అందరి ముంగట గిట్లయితే ఆయనకే తల కొట్టేసినట్టయితది."

సునీత నన్ను చూసింది. తప్పు మిషన్‌దేనని ఆమెకు చెప్పింది నేనే. ఆ చూపు ముందు నిలబడలేక మళ్ళీ వైర్ల దగ్గర కూర్చున్నాను. పిన్నులు తీసి పెట్టాను. మళ్ళీ రెండు చెవులతో విన్నాను. ఎడం లేదు, పాట రెండు చోట్లా ఒకేసారి వస్తోంది. ఇక మిషన్‌లో పట్టడానికి ఏమీ లేదు.

ఇంకొక్కసారి పాడమని బతిమాలాను. ఈసారి వైర్లను వదిలేసి ఆయన్ని చూస్తూ కూర్చున్నాను. అప్పుడు నాకు రెండు సంగతులు తెలిసొచ్చాయి. ఒకటి, ఆయన చూపు డోలక్ మీద లేదు, పాడుతున్న సునీత పెదవుల మీద ఉంది. రెండోది, దెబ్బ ముందు పడుతోంది కానీ ఎలాపడితే అలా పడటం లేదు. ప్రతిసారీ అంతే ముందు. లయ చెడిన మనిషి చెయ్యి అలా ఉండదు, అటూ ఇటూ ఊగుతుంది. ఇది గీత గీసినట్టు సమానంగా ఉంది. పైగా ఆ ఎడం నాకు కొత్త కాదు. నా షాపులో, ఒక చెవికి హెడ్‌ఫోన్, ఒక చెవికి స్పీకరు పెట్టుకున్నప్పుడు విన్న ఎడం అదే.

పాట ఆపించాను. వెళ్ళి ఆయన పక్కన కూర్చుని హెడ్‌ఫోన్ ఒక పక్క తొలగించాను.

"కాకా, పాట వినంగనే కొడ్తున్నవా? వినకముందే కొడ్తున్నవా?"

ఆయన చుట్టూ చూశాడు. దాచుకున్నదేదో బయటపడినట్టు సిగ్గుపడ్డాడు. ఆయనకు మామూలుగా గొంతు తగ్గించడం రాదు, ఆ మాట మాత్రం చాలా నెమ్మదిగా చెప్పాడు.

"ముందుగాలనే బిడ్డా. హెడ్‌ఫోన్ల పాట వెనక వస్తది గదా."

పాడేవాళ్ళు చాపల మీద దగ్గరికి జరిగారు.

"నీకెవరు చెప్పిన్రు కాకా?"

"ఎవరు చెప్తరు? మొదట్ల నాకు ఎరుకలేకుండె. దెబ్బ పడ్తలేదంటే నేను గూడ వయసే అనుకున్న. తర్వాత పాడే పోరగాండ్ల నోర్లు చూసిన. వాళ్ళు నోరు తెరిచినంక జరసేపటికి నా చెవుల పాట పడ్తుంది. అరె, పాట నా దాంక నడుసుకుంట వస్తుందా ఏంది అనుకున్న. గట్లయితే నేను ఎదురువోవాలె గదా? ఇంట్ల కూసోని రోజూ ఎదురువోవుడు నేర్చుకున్న. చెవుల పడకముందే కొట్టాలె. తిన్నగ పోయే పాటైతే అందుతది. మధ్యల మెల్లగయ్యే పాటైతే నా దెబ్బ ముందే పడ్తది."

సునీత తండ్రి మోకాలు పట్టుకుంది. "ఒక్క మాట చెప్పక పోయినవా నాయనా?"

"వినవడనోడు గీ మాట చెప్తే ఎవరు నమ్ముతరు బిడ్డా? మిషన్‌కు తప్పులు పెడ్తున్నడంటరు."

ఆ చాప మీద కూర్చుని నేను ఆయన్ని చూస్తూ ఉండిపోయాను. సౌండు పనిచేసే సాఫ్ట్‌వేర్లలో ఈ ఆలస్యాన్ని సవరించే ఏర్పాట్లుంటాయి. ఎంత ఆలస్యమో కొలిచి, ఒక శబ్దాన్ని ఆపి, ఇంకోదాన్ని ముందుకు జరుపుతాయి. అవి నడవడానికి కూడా మేము నానా తిప్పలు పడతాం. ఈ మనిషి పెదవుల కదలికతో ఆలస్యాన్ని పట్టుకున్నాడు. దాన్ని చేతుల్లోకి ఎక్కించుకున్నాడు. తన చెవికి ఇంకా చేరని పాటకు తాళం వేయడం నేర్చుకున్నాడు. సగం పోయిన చెవులతో, ఎవరికీ చెప్పకుండా, ఇంట్లో ఒక్కడే కూర్చుని. మేమంతా దాన్నే చూసి, ముసలాయన తడబడుతున్నాడు అనుకున్నాం. సునీత నన్నడిగిన ప్రశ్నకు కూడా జవాబు దొరికింది. మొదట్లో దెబ్బలు వెనకబడటం మిషన్ వల్ల, తర్వాత సరిగ్గా పడినవన్నీ ఆయన వల్ల.

చెవి దగ్గర మళ్ళీ చెప్పాను. "ఇగ ఎదురువోకు కాకా. గిప్పుడు పాట వెనక వస్తలేదు. అందరికీ ఎప్పుడు వినవడ్తదో నీకూ అప్పుడే వినవడ్తది. వినంగనే కొట్టు, చాలు."

ఆయన నమ్మనట్టు చూశాడు. ట్రాక్ పెట్టమన్నాడు. మొదట కొట్టలేదు. రెండు అరచేతులూ డోలక్ మీద ఊరికే ఆనించి, సునీత పాడుతుంటే ఆమె పెదవులు చూస్తూ పాటంతా విన్నాడు. పాట అయిపోయేసరికి ఆయన కళ్ళు మెరుస్తున్నాయి. "ఔనే! నోట్లకెల్లి వచ్చినప్పుడే వస్తుందే" అన్నాడు.

రెండోసారి కొట్టాడు. మొదటి దెబ్బలు అలవాటుగా ముందే పడ్డాయి. ఆయనే తల అడ్డంగా ఊపి, ఎవరో చెయ్యి పట్టి లాగినట్టు దెబ్బను వెనక్కి లాక్కున్నాడు. చరణంలోకి వచ్చేసరికి డోలక్ పాటలో కలిసిపోయింది. ఎక్కడ కలిసిందో నేను చెప్పలేను. అప్పటిదాకా రెండుగా వినబడినది ఒకటై, రేకుల కప్పు కింద ఆ గది మొత్తం ఒక్క అడుగు వేసినట్టయింది. పాట మధ్యలో నెమ్మదించే చోట కూడా ఆయన దానితోనే నెమ్మదించాడు. పెదవులు చూడాల్సిన పని తీరిపోయింది కదా, కళ్ళు మూసుకున్నాడు.

పాట అయ్యాక ప్రవీణ్ లేచి వచ్చాడు. ఆయన ముందు గొంతుక్కూర్చున్నాడు. "తాతా, మళ్ళొక్కపారి" అన్నాడు. మళ్ళీ పాడారు. రిథమ్ మాట ఇక ఎవరూ ఎత్తలేదు.

వికారాబాద్ కూడికకు నన్ను కూడా రమ్మన్నారు. వైర్లు నేనే బిగించాలన్నది సునీత పట్టు. పొద్దున రైలెక్కి వెళ్ళాను. పెద్ద హాలు, నిండా జనం. వేదిక పక్కన హాలు వాళ్ళ యాంప్లిఫయరు, నిలువెత్తు స్పీకరు బాక్సులు ఉన్నాయి. స్ప్లిటర్ ఒక కొమ్మ వాటికిచ్చాను, రెండోది సామేలు డబ్బాకిచ్చాను. మీట గీత మీద ఉందో లేదో చూసుకున్నాను. హెడ్‌ఫోన్ పెట్టుకుని వేదిక మీద కూర్చున్న ఆయన్ని చూసి ముందు వరుసలో పిల్లలు నవ్వుకున్నారు. పెద్దాయన సినిమా పాటలు వింటున్నాడనుకున్నారేమో.

వాళ్ళ వంతు వచ్చింది. పాట చక్కగా మొదలైంది. రెండో చరణం సగంలో ఉండగా కరెంటు పోయింది.

ఫ్యాన్లు ఆగాయి. మైకులు పోయాయి. బాక్సులు మూగబోయాయి. ట్రాక్ వినబడకపోయేసరికి పాడేవాళ్ళ గొంతులు చెల్లాచెదురయ్యాయి. ఒకరు తొందరపడ్డారు, ఒకరు ఆగిపోయారు. ప్రవీణ్ ఇక ఆపేద్దామన్నట్టు చెయ్యి ఎత్తాడు.

డోలక్ మాత్రం ఆగలేదు.

నాకు ఒక క్షణం పట్టింది అర్థం కావడానికి. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తోంది. సామేలు పక్కనున్న డబ్బా కూడా చార్జింగుదే. కరెంటుతో పోయినవి బాక్సులు, మైకులు, అంతే. ట్రాక్ లోపల నడుస్తూనే ఉంది. ఆ హాలులో అంతమంది మంచి చెవులున్న మనుషులున్నారు. ఎవరికీ పాట వినబడటం లేదు. ఒక్క సామేలుకే వినబడుతోంది.

సునీత కూడా నాతోపాటే గ్రహించినట్టుంది. తండ్రి వైపు తిరిగి నిలబడి గొంతెత్తింది. మైకు లేని ఒట్టి గొంతు. ప్రవీణ్ ఎత్తిన చెయ్యి దించి తనూ అటు తిరిగాడు. ఒక్కొక్కరే తిరిగారు. జనానికి వీపులు పెట్టి, డోలక్ చుట్టూ దగ్గరగా చేరి, దాని దెబ్బకు గొంతులు కలుపుతూ పాడారు. చరణం అయింది. పాట నెమ్మదించే చోటు వచ్చింది, డోలక్ నెమ్మదించింది, గొంతులూ నెమ్మదించాయి. ఆయన కళ్ళు మూసే ఉన్నాయి. పల్లవి మళ్ళీ ఎత్తుకున్నారు.

బయట జనరేటరు అందుకుంది. బాక్సులు ఒక్కసారిగా పలికాయి. ట్రాక్ ఎక్కడుందో వాళ్ళు సరిగ్గా అక్కడే ఉన్నారు. అదే మాట, అదే దెబ్బ. అతుకు ఎక్కడుందో వెతికినా దొరకదు. నేను లేచి నిలబడి ఉన్నానని, నా పక్కవాళ్ళంతా లేచారని తర్వాత చూసుకున్నాను.

పాట అయ్యాక జనం వేదిక దగ్గరికి తోసుకొచ్చారు. ఎవరెవరో సామేలు చేతులు పట్టుకుంటున్నారు. ఆయన హెడ్‌ఫోన్ తీసి, అయోమయంగా కూతురి వైపు చూశాడు.

"ఏమాయెనే? గింతమంది ఎందుకొచ్చిన్రు?"

సునీత ఆయన చెవి దగ్గర నోరు పెట్టి అరిచింది. "కరెంట్ పోయె గదా నాయనా! నువ్వే పాట నడిపిచ్చినవ్!"

"కరెంట్ పోయిందా?" అన్నాడు సామేలు. "ఎప్పుడు?"

ఆమె నవ్వుతూ ఏడుస్తూ ఆయన భుజం మీద తల పెట్టేసింది. ఆయన నన్ను చూసి, ఈ పిల్లకేమైందన్నట్టు చెయ్యి తిప్పాడు.

ఆ రోజు తర్వాత నా పని పద్ధతి కొంచెం మారింది. యంత్రంలో లోపముంటే మనిషి దానికి తగ్గట్టు తనను మలచుకుంటాడు. ఎవరికీ చెప్పడు, ఒక్కోసారి తనకే తెలియదు. చూసేవాళ్ళకు మాత్రం యంత్రం బాగానే కనబడుతుంది, మనిషే వంకరగా కనబడతాడు. అందుకని ఇప్పుడు హెడ్‌ఫోన్, స్పీకరు రెండూ కలపాలని ఎవరు వచ్చినా, వైరు తీసే ముందు ఎవరు వింటారు, వింటూ ఏం చేస్తారు అని అడుగుతాను. రిపేరు అయ్యాక సామాను సంచిలో పెట్టి వెంటనే పంపించను. వాడే మనిషిని నా ఎదురుగా కూర్చోబెట్టి, కాసేపు వాడమంటాను. ఆ కాసేపూ నా చూపు ఆ మనిషి చేతుల మీదే ఉంటుంది.